మెదడు మరణం

మెదడు మరణం అనగా మెదడు, ప్రత్యేకించి దాని అడుగు భాగమైన మెదడు కాండం, తన పనులన్నింటినీ తిరిగి రాని విధంగా కోల్పోయిన స్థితి. వాడుకలో దీనిని బ్రెయిన్ డెత్ అని, ఈ స్థితికి చేరిన వ్యక్తిని బ్రెయిన్ డెడ్ అయ్యాడని అంటారు. ఈ స్థితిలో వెంటిలేటరు అనే కృత్రిమ శ్వాస యంత్రం ఊపిరితిత్తులకు గాలిని అందిస్తూ ఉంటే గుండె కొంతకాలం కొట్టుకుంటూనే ఉంటుంది. అయినప్పటికీ వైద్యశాస్త్రం దృష్టిలోను, భారతదేశపు అవయవ మార్పిడి చట్టం దృష్టిలోను అది మరణమే. కోమా వేరు, మెదడు మరణం వేరు. కోమాలో ఉన్నవారు కోలుకునే అవకాశం ఉంది. నిబంధనల ప్రకారం మెదడు మరణం నిర్ధారించబడిన వ్యక్తికి ఆ అవకాశం లేదు. ఈ కారణం చేతనే దీని నిర్ధారణకు కఠినమైన పద్ధతులు ఏర్పడ్డాయి.

పేరు

తెలుగు వార్తాపత్రికలలో ఈ స్థితికి జీవన్మృతి అనే మాట స్థిరపడింది. సంప్రదాయ ప్రయోగంలో జీవన్మృతుడు అనగా బ్రతికి ఉండి కూడా చచ్చినవానితో సమానమైనవాడు. ఈ అర్థం వైద్యపరమైన అర్థానికి సరిగా తలక్రిందులు. మెదడు మరణం చెందిన వ్యక్తి బ్రతికి ఉండి చచ్చినవానిలా ఉన్నవాడు కాడు. మరణించి ఉండి, యంత్రం వలన బ్రతికినవానిలా కనిపించేవాడు. "ఇంకా జీవం ఉందన్నమాట" అని బంధువులు పొరబడటానికి ఈ పదం కూడా కొంత కారణం. చట్టంలో వాడిన పదం "మెదడు కాండ మరణం". ఈ వ్యాసంలో మెదడు మరణం అన్న మాట ఆ అర్థంలోనే వాడబడింది.

మెదడు కాండం

మెదడులో మూడు ప్రధాన భాగాలున్నాయి. పైభాగాన పెద్దదిగా ఉండే మస్తిష్కం ఆలోచన, జ్ఞాపకం, మాట, ఇచ్ఛతో చేసే కదలికలకు స్థానం. వెనుక క్రిందుగా ఉండే అనుమస్తిష్కం శరీరపు సమతౌల్యాన్ని, కదలికల పొందికను చూస్తుంది. ఈ రెండింటినీ వెన్నుపాముతో కలుపుతూ బొటనవ్రేలంత మందాన ఉండే భాగమే మెదడు కాండం. ఇందులో మధ్య మెదడు, పాన్స్, మజ్జాముఖం అనే మూడు ఖండాలున్నాయి.

పరిమాణంలో చిన్నదైనా ప్రాణానికి ఆధారమైన రెండు పనులు ఈ కాండం వద్దనే ఉన్నాయి. మొదటిది మెలకువ. కాండంలోని ఒక నాడీజాలం మస్తిష్కాన్ని నిరంతరం మేల్కొలుపుతూ ఉంటుంది. అది నశిస్తే మస్తిష్కానికి స్పృహ ఉండదు. రెండవది శ్వాస. ఊపిరి తీయమనే ఆదేశం మజ్జాముఖం నుండి బయలుదేరుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్, అనగా బొగ్గుపులుసు వాయువు, పెరిగినప్పుడు దానిని గుర్తించి శ్వాసను వేగిరపరచేది కూడా ఇదే. కపాల నాడులు పన్నెండు జతలలో పది జతలు ఈ కాండం నుండే పుడతాయి. కన్ను, ముఖం, గొంతుల ప్రతిచర్యలు ఈ నాడుల ద్వారానే జరుగుతాయి గనుక, వాటిని పరీక్షించి కాండం పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవచ్చును.

గుండె సంగతి వేరు. గుండె కొట్టుకోవటానికి మెదడు ఆదేశం అక్కరలేదు. గుండె కుడి కర్ణికలో ఉన్న ఒక కణసముదాయం తనంతట తానే లయను పుట్టిస్తుంది. మెదడు గుండె వేగాన్ని హెచ్చించగలదు, తగ్గించగలదు కాని, దానిని నడిపించేది మెదడు కాదు. ఆక్సిజన్ అందినంత కాలం గుండె కొట్టుకుంటుంది. వెంటిలేటరు లేని రోజులలో మెదడు కాండం నశించిన కొద్ది నిమిషాలలోనే శ్వాస ఆగి, ఆక్సిజన్ అందక గుండె కూడా ఆగిపోయేది. అందువలన రెండు మరణాలూ ఒకటిగానే కనిపించేవి. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలంలో వెంటిలేటరు వచ్చి ఈ రెండింటినీ విడదీసింది.

ఎలా సంభవిస్తుంది

మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే అయినా, శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం మెదడుకే కావాలి. కొద్ది నిమిషాలు రక్తం అందకపోతే మెదడు కణాలు శాశ్వతంగా దెబ్బతినటం మొదలవుతుంది.

మెదడు మరణానికి సాధారణంగా దారితీసే కారణాలు ఇవి:

- రోడ్డు ప్రమాదాలలోను, ఎత్తు నుండి పడినప్పుడు తగిలే తలగాయాలు
- మెదడులో రక్తనాళం చిట్లి జరిగే రక్తస్రావం
- రక్తనాళం పూడుకుపోవటం వలన వచ్చే తీవ్రమైన పక్షవాతం
- మెదడులో కంతులు, మెదడు పొరల ఇన్ఫెక్షన్లు
- గుండె ఆగిపోవటం, నీట మునగటం, ఉరి వంటి సందర్భాలలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవటం

కారణం ఏదైనా చివరకు జరిగేది ఒకటే. దెబ్బతిన్న మెదడు వాస్తుంది. పుర్రె గట్టి పెట్టె వంటిది గనుక వాపు విస్తరించటానికి చోటు లేదు. లోపలి పీడనం పెరుగుతుంది. ఆరోగ్యవంతులలో ఈ పీడనం సుమారు 15 మి.మీ. పాదరస మట్టానికి లోపే ఉంటుంది. అది పెరిగి పెరిగి ధమనులలోని సగటు రక్తపీడనంతో సమానమైనప్పుడు క్రొత్త రక్తం పుర్రెలోనికి ప్రవేశించలేదు. అదే సమయంలో వాచిన మెదడు క్రిందికి నెట్టబడి, పుర్రె అడుగున ఉన్న రంధ్రం వద్ద మెదడు కాండాన్ని నలిపివేస్తుంది. రక్తప్రసరణ పూర్తిగా ఆగిన మెదడును తిరిగి బ్రతికించే చికిత్స ఏదీ లేదు.

చరిత్ర

1959లో పారిస్ నగరానికి చెందిన మోలారే, గులాన్ అనే వైద్యులు వెంటిలేటరు మీద ఉన్న 23 మంది రోగులను వర్ణించి, వారి స్థితిని "కోమాను దాటిన స్థితి"గా పేర్కొన్నారు. ఆనాటికి దానిని మరణం అని వారు అనలేదు. 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బెర్నార్డ్ తొలిసారి ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చిన తరువాత, మరణం ఎప్పుడు సంభవిస్తుంది అన్న ప్రశ్న ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. 1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హెన్రీ బీచర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, తిరిగి రాని కోమాను మరణానికి క్రొత్త ప్రమాణంగా ప్రతిపాదించింది.

ఆ తరువాత రెండు మార్గాలు ఏర్పడ్డాయి. అమెరికాలో 1981లో రూపొందిన నమూనా చట్టం, మెదడు కాండంతో సహా మొత్తం మెదడు పనులన్నీ శాశ్వతంగా ఆగిపోవాలని నిర్వచించింది. బ్రిటన్‌లో 1976లో వైద్య కళాశాలల సమాఖ్య మెదడు కాండం నశించటాన్నే గీటురాయిగా తీసుకొన్నది. స్పృహ పొందే శక్తి, స్వయంగా ఊపిరి తీసే శక్తి, ఈ రెండూ శాశ్వతంగా పోయినప్పుడు మనిషి మరణించినట్లే అన్నది బ్రిటిష్ వాదపు సారాంశం. భారతదేశ చట్టం ఈ రెండవ మార్గాన్ని అనుసరించింది. 2020లో అనేక దేశాల వైద్య సంఘాల తోడ్పాటుతో వెలువడిన ప్రపంచ మెదడు మరణ ప్రాజెక్టు నివేదిక, దేశదేశానికీ వేరుగా ఉన్న పరీక్షా విధానాలకు ఒక కనీస ప్రమాణాన్ని సూచించింది.

నిర్ధారణకు ముందు చూడవలసినవి

మెదడు మరణ పరీక్షలు మొదలు పెట్టటానికి ముందు కొన్ని షరతులు తీరాలి. రోగి గాఢమైన కోమాలో, వెంటిలేటరు మీద ఉండాలి. ఆ స్థితికి కారణం స్పష్టంగా తెలిసి ఉండాలి. ఆ కారణం మెదడును సరిదిద్దరాని విధంగా దెబ్బతీసినదని సి.టి. స్కాన్ వంటి పరీక్షల వలన తెలియాలి. కారణం తెలియని కోమాలో ఈ పరీక్షలకు తావు లేదు.

మెదడు మరణంలా కనిపించి నిజానికి కోలుకోగలిగిన స్థితులు కొన్ని ఉన్నాయి. వాటిని ముందుగా తొలగించుకోవాలి:

- నిద్రమాత్రలు, మత్తుమందులు, మద్యం, విషపదార్థాల ప్రభావం
- శస్త్రచికిత్సలోను, వెంటిలేటరు అమర్చేటప్పుడు ఇచ్చే కండరాల సడలింపు మందుల ప్రభావం
- శరీర ఉష్ణోగ్రత బాగా పడిపోవటం
- రక్తపోటు మరీ తక్కువగా ఉండటం
- రక్తంలో చక్కెర, సోడియం వంటివాటి తీవ్రమైన హెచ్చుతగ్గులు, కాలేయం, మూత్రపిండాలు, వినాళ గ్రంథుల లోపాలు

తెలుగు నేలపై ఈ జాగ్రత్తకు ఉన్న ప్రాముఖ్యానికి పాముకాటు మంచి ఉదాహరణ. కట్లపాము విషం నాడుల నుండి కండరాలకు సందేశాన్ని చేరనివ్వదు. కాటుకు గురైన వ్యక్తి కనురెప్ప కూడా కదపలేడు, కనుపాపలు వెలుగుకు స్పందించకపోవచ్చును, శ్వాస ఆగిపోతుంది. పైకి ఇది అచ్చం మెదడు మరణంలా ఉంటుంది. కాని మెదడు సజీవంగానే ఉంటుంది. వెంటిలేటరు సాయంతో కొన్ని రోజులు కాపాడితే రోగి పూర్తిగా కోలుకోవచ్చును. పురుగుల మందు త్రాగిన కేసులలోను ఇదే విధమైన జాగ్రత్త అవసరం. అందువలననే "కారణం తెలియాలి" అన్నది తక్కిన షరతులన్నింటికంటే ముందు నిలిచింది.

మెదడు కాండం పరీక్షలు

షరతులు తీరిన తరువాత వైద్యులు రోగి పడక వద్దనే క్రింది పరీక్షలు చేస్తారు. మెదడు మరణమని చెప్పాలంటే వీటిలో ఏ ఒక్కదానికీ స్పందన ఉండరాదు.

- కంటిలోనికి ప్రకాశవంతమైన వెలుగు వేసినప్పుడు కనుపాప కుంచించుకుపోరాదు.
- కార్నియాను, అనగా నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, దూదితో తాకినప్పుడు రెప్ప కొట్టుకోరాదు.
- తలను ప్రక్కలకు వేగంగా త్రిప్పినప్పుడు కళ్ళు ఎదురు దిశకు కదలరాదు. మెడ ఎముకకు గాయమైనదని అనుమానం ఉంటే ఈ పరీక్ష చేయరు.
- తలను 30 డిగ్రీలు ఎత్తి ఉంచి, చెవిలో సుమారు 50 మి.లీ. మంచుచల్లని నీరు పోసినప్పుడు కనుగుడ్లు కదలరాదు. దీనికి ముందు చెవిలో గుబిలి అడ్డు లేదని, కర్ణభేరి చిరగలేదని చూసుకుంటారు.
- కనుబొమ దగ్గరి ఎముక మీద గట్టిగా నొక్కినప్పుడు ముఖ కండరాలలో కదలిక ఉండరాదు.
- గొంతు వెనుక భాగాన్ని తాకినప్పుడు వాంతి వచ్చినట్లు కదలిక ఉండరాదు.
- శ్వాసనాళంలోనికి సన్నని గొట్టం పంపినప్పుడు దగ్గు రారాదు.

శ్వాస పరీక్ష

అన్నింటికంటే చివరిది, ముఖ్యమైనది శ్వాస పరీక్ష. దీనిని ఆసుపత్రులలో ఆప్నియా టెస్ట్ అంటారు. ముందుగా రోగికి కొన్ని నిమిషాలు పూర్తి ఆక్సిజన్ ఇస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మట్టం మామూలు స్థాయిలో, సుమారు 40 మి.మీ. పాదరస పీడనం వద్ద, ఉన్నదని రక్తపరీక్షతో తెలుసుకుంటారు. తరువాత వెంటిలేటరును తాత్కాలికంగా తొలగిస్తారు. ఈ సమయంలో సన్నని గొట్టం ద్వారా శ్వాసనాళంలోనికి ఆక్సిజన్ పంపుతూనే ఉంటారు గనుక ఇతర అవయవాలకు హాని జరగదు.

వెంటిలేటరు లేకపోవటం వలన కార్బన్ డయాక్సైడ్ శరీరంలో పేరుకుంటూ పోతుంది. ఆరోగ్యవంతుడెవరూ ఊపిరి బిగపట్టి దీనిని ఎక్కువసేపు తట్టుకోలేడు. మజ్జాముఖం బలవంతంగానైనా ఊపిరి తీయిస్తుంది. వైద్యులు సుమారు 8 నుండి 10 నిమిషాల పాటు ఛాతీ, పొట్ట కదలికలను కనిపెట్టి చూస్తారు. ఆపై రక్తాన్ని మళ్ళీ పరీక్షిస్తారు. కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మి.మీ.కు చేరినా శ్వాస ప్రయత్నం ఒక్కటి కూడా కనిపించకపోతే, ఊపిరి పుట్టే స్థానమే నశించినదని అర్థం. పరీక్ష మధ్యలో రక్తపోటు పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా వెంటనే ఆపి వెంటిలేటరును తిరిగి అమరుస్తారు.

"ఊపిరి ఆగింది" అన్నా "ప్రాణం పోయింది" అన్నా తెలుగులో ఒకటే అర్థం. శ్వాస పరీక్ష కూడా ఈ పాత గుర్తునే ఆశ్రయించింది. యంత్రం ఊదుతున్న గాలిని ప్రక్కకు తీసి, మనిషికి తన ఊపిరి ఉన్నదా అని చూడటమే దీని లక్ష్యం.

పరీక్షలు రెండుసార్లు

భారతదేశ నియమాల ప్రకారం ఈ పరీక్షలన్నింటినీ రెండుసార్లు చేయాలి. రెండింటి నడుమ కనీసం 6 గంటల వ్యవధి ఉండాలి. పసిపిల్లల విషయంలో ఇంకా ఎక్కువ వ్యవధి పాటిస్తారు. సాధారణంగా రెండవ విడత పరీక్షలు ముగిసిన సమయాన్ని మరణ సమయంగా నమోదు చేస్తారు. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి., మెదడు రక్తనాళాల చిత్రీకరణ, డాప్లర్ వంటి పరీక్షలు భారతదేశంలో తప్పనిసరి కావు. ముఖానికి తీవ్రమైన గాయాలై పై పరీక్షలలో కొన్ని చేయటానికి వీలు లేనప్పుడు, శ్వాస పరీక్ష పూర్తి చేయలేనప్పుడు ఇవి తోడ్పడతాయి.

ఇతర స్థితులతో తేడా

కోమా: రోగికి స్పృహ ఉండదు, కళ్ళు తెరవడు. కాని మెదడు కాండం పూర్తిగా గాని కొంతవరకు గాని పనిచేస్తూ ఉంటుంది. కోలుకొనే అవకాశం కారణాన్ని బట్టి ఉంటుంది.

శాశ్వత అచేతన స్థితి: మస్తిష్కం తీవ్రంగా దెబ్బతిన్నా మెదడు కాండం పనిచేస్తుంది. రోగి స్వయంగా ఊపిరి తీస్తాడు, నిద్రపోతాడు, కళ్ళు తెరుస్తాడు. కాని పరిసరాల ఎరుక ఉండదు. ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై 2015లో మరణించే వరకు సుమారు ఇటువంటి స్థితిలోనే జీవించింది. 2011లో సుప్రీంకోర్టు ఆమె కేసులో తీర్పు ఇస్తూ, ఆమె మెదడు మరణం చెందలేదని, యంత్రం సాయం లేకుండానే శ్వాస తీసుకొంటున్నదని స్పష్టం చేసింది.

బంధిత స్థితి: పాన్స్ ముందు భాగం దెబ్బతిన్నప్పుడు మనిషి పూర్తి స్పృహలో ఉండి కూడా కళ్ళు తప్ప ఏదీ కదల్చలేడు. ఇది మెదడు మరణం కానే కాదు.

భారతదేశంలో చట్టం

మానవ అవయవ మార్పిడి చట్టాన్ని పార్లమెంటు 1994లో ఆమోదించింది. ఆ ఏడాది ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. దానికి నాయకత్వం వహించిన శస్త్రవైద్యుడు పనంగిపల్లి వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో జన్మించిన తెలుగువారు. చట్టం 1995 ఫిబ్రవరి 4 నుండి అమలులోనికి వచ్చింది. ఆంధ్ర ప్రదేశ్ 1995లో తన సొంత చట్టాన్ని చేసుకొన్నది. కేంద్ర చట్టానికి 2011లో సవరణ, 2014లో క్రొత్త నియమావళి వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రపు 1995 చట్టాన్నే కొనసాగిస్తూ వచ్చిన తెలంగాణ, 2025 మార్చిలో కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ శాసనసభలో తీర్మానం చేసింది.

చట్టం ప్రకారం మెదడు కాండ మరణాన్ని ధ్రువీకరించటానికి నలుగురు వైద్యుల మండలి ఉండాలి:

- ఆసుపత్రి బాధ్యతలు చూసే వైద్యుడు
- ప్రభుత్వం ఆమోదించిన జాబితా నుండి ఎంపికైన స్వతంత్ర నిపుణుడు
- అదే విధమైన జాబితాలోని నాడీవైద్య నిపుణుడు లేదా నాడీ శస్త్రవైద్యుడు
- రోగికి చికిత్స చేస్తున్న వైద్యుడు

నాడీవైద్యులు దొరకని చోట ఫిజీషియన్, సర్జన్, మత్తు వైద్యుడు లేదా ఐ.సి.యు. నిపుణుడిని తీసుకోవచ్చునని 2011 సవరణ వీలు కల్పించింది; అయితే వారు అవయవ మార్పిడి బృందానికి చెందినవారై ఉండరాదు. అవయవాలను తీసుకోవటానికి దగ్గరి బంధువుల లిఖితపూర్వక అనుమతి అవసరం. మరణించినవారు 18 ఏళ్ళ లోపువారైతే తల్లి గాని తండ్రి గాని అనుమతి ఇవ్వాలి. రోడ్డు ప్రమాదం వంటి కేసులలో పోలీసుల పంచనామా, శవపరీక్ష తప్పవు గనుక వాటితో సమన్వయం చేసుకొని అవయవాలను సేకరిస్తారు.

వెంకటేశ్ కేసు

మెదడు మరణపు నిర్వచనం ఎంత గట్టి గీతో చాటిన సంఘటన 2004లో హైదరాబాదులో జరిగింది. చదరంగం క్రీడాకారుడైన 25 ఏళ్ళ కొలవెన్ను వెంకటేశ్, కండరాలను క్రమంగా క్షీణింపజేసే డుషేన్ వ్యాధితో వెంటిలేటరు మీద ఉన్నాడు. అతని మెదడు సక్రమంగానే పనిచేస్తున్నది. వ్యాధి ముదిరి అవయవాలు పాడైపోకముందే వాటిని ఇతరులకు దానం చేయాలని అతడు కోరాడు. తల్లి ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించింది. మెదడు మరణం సంభవించని వ్యక్తి నుండి ఈ విధంగా అవయవాలను తీయటానికి చట్టం అనుమతించదని కోర్టు డిసెంబరు 16న ఆ అభ్యర్థనను త్రోసిపుచ్చింది. మరునాడు వెంకటేశ్ మరణించాడు. అతని కళ్ళు మాత్రమే దానానికి పనికివచ్చాయి. 2022లో విడుదలైన సలామ్ వెంకీ అనే హిందీ చలనచిత్రానికి ఈ గాథే ఆధారం.

దాత కోరిక ఎంత ఉదాత్తమైనదైనా, అవయవాలు తీయటం వలన మనిషి మరణించకూడదు. మరణించిన తరువాతనే వాటిని తీయాలి. అవయవదానపు మూలసూత్రం ఇదే. వెంటిలేటరు మీద ఉండటం, కోలుకోరని తెలియటం, ఈ రెండూ కలిసినా మెదడు మరణం కాదు.

జీవన్‌దాన్, విశాఖపట్నం

మెదడు మరణం చెందినవారి నుండి అవయవాలను సేకరించి వరుస క్రమంలో కేటాయించే జీవన్‌దాన్ పథకానికి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2010లో ఉత్తర్వు ఇచ్చింది. 2013 నుండి అది హైదరాబాదులోని నిమ్స్ కేంద్రంగా అమలులోనికి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలూ తమ తమ జీవన్‌దాన్‌లను నడుపుతున్నాయి. మరణానంతర అవయవదానంలో దేశ సగటు పది లక్షల జనాభాకు ఒకరి కంటే తక్కువగా ఉండగా, 2024లో తెలంగాణలో అది నాలుగుకు పైబడింది.

సేకరించిన అవయవానికి కాలపరిమితి ఉంది. గుండెను సాధారణంగా 4 నుండి 6 గంటలలోగా అమర్చాలి. మూత్రపిండానికి సుమారు ఒక రోజు వరకు వీలుంటుంది. అందుకే పోలీసులు రహదారిని ఖాళీ చేయించి గ్రీన్ ఛానల్ ఏర్పాటు చేస్తారు. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాదులో నల్గొండ జిల్లా రైతు ఒకరి గుండెను నాగోలు నుండి జూబ్లీ హిల్స్‌కు మెట్రో రైలులో తరలించారు.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో 16వ నంబరు జాతీయ రహదారి నగరం నడిబొడ్డు నుండే సాగుతుంది. సీతమ్మధార నివాస ప్రాంతాన్ని ఆనుకొని గురుద్వారా కూడలి, సత్యం కూడలి, మద్దిలపాలెం మీదుగా పోయే ఈ మార్గంలో భారీ లారీలు, ద్విచక్ర వాహనాలు ఒకే దారిన నడుస్తాయి. ఇదే రహదారి మీద హనుమంతవాక వద్ద ప్రభుత్వ రంగంలోని విమ్స్ ఆసుపత్రి ఉంది. నగరంలో 1923 నుండి పనిచేస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర జిల్లాలకు పెద్ద దిక్కు. తలగాయం మెదడు మరణానికి ముఖ్య కారణం గనుక, మెదడు మరణాలను తగ్గించే మొదటి ఉపాయం శిరస్త్రాణం, అనగా హెల్మెట్. అవయవదానం ఆ తరువాతి మాట.

చట్టంలోని ఖాళీ

మెదడు కాండ మరణాన్ని నిర్వచించినది అవయవ మార్పిడి చట్టం ఒక్కటే. జనన మరణాల నమోదు చట్టం, 1969లో మరణం అనగా జీవ లక్షణాలన్నీ శాశ్వతంగా అదృశ్యం కావటం అని మాత్రమే ఉంది. మెదడు ప్రసక్తి లేదు. దీనివలన ఒక చిక్కు ఏర్పడింది. మెదడు మరణం నిర్ధారణ అయి బంధువులు అవయవదానానికి ఒప్పుకొంటే అది స్పష్టంగా మరణమే. ఒప్పుకోకపోతే వెంటిలేటరు తొలగించవచ్చునా అన్నదానికి ఈ చట్టాలలో సూటి సమాధానం లేదు. చాలా ఆసుపత్రులు గుండె ఆగే వరకు వెంటిలేటరును కొనసాగిస్తాయి. ఆ రోజుల ఖర్చు కుటుంబం మీద పడుతుంది. పడక కోసం ఎదురుచూసే మరొక రోగికి అది దొరకదు.

2020లో కేరళ ప్రభుత్వం అవయవదానంతో సంబంధం లేకుండా మెదడు మరణాన్ని ధ్రువీకరించే మార్గదర్శకాలను జారీ చేసింది. మరణ నిర్ధారణ, అవయవదాన ప్రస్తావన రెండూ వేరువేరు అంశాలని ఇది స్పష్టపరచింది. ఈ రెండింటినీ ముడిపెట్టటం వలననే "అవయవాల కోసం మరణాన్ని ప్రకటిస్తున్నారు" అన్న అనుమానం పుడుతున్నదని ఈ పద్ధతిని సమర్థించేవారి అభిప్రాయం.

అపోహలు, సందేహాలు

"ఒళ్ళు వెచ్చగా ఉంది, నాడి ఆడుతున్నది, చనిపోవటమేమిటి?" అన్నది బంధువుల మొదటి ప్రశ్న. వెచ్చదనం రక్తప్రసరణ వలన, నాడి గుండె వలన కలుగుతాయి. ఆ రెండింటినీ నిలబెడుతున్నది వెంటిలేటరు, మందులు. వీటిని కొనసాగించినా రక్తపోటు పడిపోవటం, మూత్రం విపరీతంగా పోవటం, శరీరం చల్లబడటం వంటి మార్పులు వస్తాయి. సాధారణంగా కొద్ది గంటల నుండి కొద్ది రోజులలో గుండె కూడా ఆగుతుంది. దీర్ఘకాలం కొనసాగిన ఉదాహరణలు అరుదు.

"చెయ్యి కదిలింది" అన్నది మరొక సందేహం. వెన్నుపాము మెదడుతో సంబంధం లేకుండానే కొన్ని ప్రతిచర్యలు చేయగలదు. వ్రేళ్ళు కదలటం, కాలు ముడుచుకోవటం, అరుదుగా రెండు చేతులూ పైకి లేచి ఛాతీ మీదికి రావటం కూడా జరగవచ్చును. ఇవి మెదడు మరణం నిర్ధారణకు అడ్డుకావు. ఈ సంగతి ముందే చెప్పకపోతే కుటుంబానికి తీరని వేదన మిగులుతుంది.

ఆసుపత్రుల మీద అపనమ్మకం మూడవది. 2003లో విడుదలైన ఠాగూర్ చలనచిత్రంలో, చనిపోయిన వ్యక్తికి వైద్యం చేస్తున్నట్లు నటించి డబ్బు గుంజే దృశ్యం తెలుగువారికి బాగా గుర్తున్నదే. డబ్బు కోసం శవాన్ని ఉంచుతారన్న అనుమానం ఒక ప్రక్క, అవయవాల కోసం బ్రతికున్నవారిని చంపుతారన్న అనుమానం మరొక ప్రక్క ఉన్నాయి. నలుగురు వైద్యులు, రెండు విడతల పరీక్షలు, నడుమ 6 గంటల వ్యవధి, లిఖితపూర్వక ధ్రువపత్రం అన్న నియమాలు ఏర్పడినది ఈ అనుమానాలకు తావు లేకుండా చేయటానికే. పరీక్షల ఫలితాలు, స్కాన్ చిత్రాలు చూపించి వివరించమని బంధువులు వైద్యులను అడగవచ్చును. కొన్ని ఆసుపత్రులు శ్వాస పరీక్షను కుటుంబ సభ్యులు దగ్గరుండి చూసే ఏర్పాటు కూడా చేస్తాయి.

అవయవదానానికి అంగీకరించటం, నిరాకరించటం రెండూ కుటుంబం ఇష్టమే. ఆ నిర్ణయం ఏదైనా, మరణించినది నిజమా కాదా అన్న విషయం దానిని బట్టి మారదు.